మోటారు సైకిల్ ఇంజిన్‌లో కొత్త శబ్దం వస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో నా షెడ్డుకి వచ్చే బళ్లు ఎక్కువగా చీమకుర్తి, కొత్తపట్నం, టంగుటూరు వైపువి. అప్పుడప్పుడు కావలి నుంచి కూడా వస్తారు. "అన్నా, ఇంజిన్‌లో ఏదో కొట్టుకుంటోంది" అన్న మాట దాదాపు రోజూ వింటాను. ఆ మాట చెప్పేటప్పుడు మనిషి ముఖంలో దిగులు కనబడుతుంది. పనికెళ్లాలన్నా, పిల్లల్ని బడి దగ్గర దించాలన్నా, రాత్రిపూట ఆస్పత్రికి పోవాలన్నా ఆ బండే మరి.

చిన్న శబ్దానికి కంగారుపడి ఇంజిన్ మొత్తం విప్పించుకున్నవాళ్లని చూశాను. పెద్ద శబ్దాన్ని "చూద్దాంలే" అని నెలరోజులు నడిపి క్రాంక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలితే గుండ్రంగా తిరిగే ఇరుసు) పోగొట్టుకున్నవాళ్లనీ చూశాను. రెండూ తప్పించుకోవచ్చు. అందుకే పదేపదే అడిగే ప్రశ్నలకి జవాబులు రాసి పెడుతున్నాను.

కొత్తగా శబ్దం మొదలైంది. ముందు ఏం చేయాలి?

బండి ఆపి ఆయిల్ చూడండి. మిగతావన్నీ ఆ తర్వాతే. 100, 125 సీసీ బళ్లలో ఇంజిన్ ఆయిల్ మొత్తం దాదాపు 1 లీటరే ఉంటుంది. అందులో పావు లీటరు తగ్గినా ఇంజిన్‌కి తెలుస్తుంది, సగం తగ్గితే పైనుండి వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్, టాపెట్లు ముందుగా ఎండిపోతాయి. రోజూ వాడే బళ్లలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు ఉండదు. శబ్దం రూపంలోనే తెలుస్తుంది, అప్పటికి కొంత ఆలస్యమైనట్టే.

ఆయిల్ సరిగ్గా చూడడం ఎలా?

సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. చదునైన చోట మెయిన్ స్టాండ్ వేయండి. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఎక్కువ బళ్లలో డిప్ స్టిక్‌ని మర తిప్పి బిగించకూడదు, ఊరికే రంధ్రం మీద ఆనించి తీయాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఆయిల్ ఉన్నట్టు కనబడుతుంది. మీ బండికి ఏ పద్ధతో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని బళ్లకి డిప్ స్టిక్ బదులు పక్కన చిన్న అద్దం ఉంటుంది, దానికైతే బండి నిటారుగా నిలబెడితే చాలు.

ఎంతుందో చూసినప్పుడే ఎలా ఉందో కూడా చూడండి. నల్లగా ఉంటే పాతబడిందని. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగిలినా, ఎండలో పట్టుకుంటే మెరిసే పొడి కనబడినా లోపల ఏదో అరుగుతోందని. అలా ఉంటే ఇక నడపకండి.

ఏ శబ్దాలకి భయపడనక్కర్లేదు?

బండి ఆపాక సైలెన్సర్ దగ్గర టింగ్, టింగ్ అని వచ్చేది వేడెక్కిన ఇనుము చల్లారుతూ ముడుచుకునే చప్పుడు. బీఎస్6 బళ్లలో, అంటే 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవాటిలో, తాళం తిప్పగానే ట్యాంకు నుంచి రెండు సెకన్లు సన్నటి గుయ్‌మనే మోత వస్తే అది పెట్రోలు పంపు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కూడా సన్నగా టిక్‌టిక్‌మంటుంది. హైడ్రాలిక్ టాపెట్లున్న (ఆయిల్ ఒత్తిడితో సందు తనంతట తానే సర్దుకునే) బుల్లెట్లు కొన్నాళ్లు కదలకుండా ఉండి స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లు టకటకలాడి సర్దుకుంటాయి, టాపెట్లలోకి ఆయిల్ ఎక్కేదాకా అంతే.

మెకానిక్‌కి శబ్దం గురించి ఎలా చెప్పాలి?

"టకటక వస్తోంది" అని ఒకరంటారు, అదే శబ్దాన్ని ఇంకొకరు "గరగర" అంటారు. అందుకే ఎలా వస్తోందన్న మాట కంటే ఎప్పుడు వస్తోందన్నది నాకు ఎక్కువ పనికొస్తుంది. పొద్దున్నే మొదటి కిక్కుకి వస్తోందా, పది కిలోమీటర్లు నడిచాక వస్తోందా? స్టాండ్ మీద రేజ్ చేస్తే వస్తోందా, మనిషి ఎక్కి కూర్చుని లాగినప్పుడేనా? క్లచ్ పట్టుకుంటే ఆగుతోందా? న్యూట్రల్‌లో కిందికి దొర్లిస్తే వస్తోందా? ఇంజిన్ ఆపేసి దొర్లించినా చప్పుడు వస్తుంటే అది ఇంజిన్‌ది కానే కాదు. చైనో, చక్రం బేరింగో, బ్రేకో అయివుంటుంది. ఇంజిన్ శబ్దమని వచ్చిన బళ్లలో చైన్ వదులైనవి చాలా ఉంటాయి. కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి చైన్ తుప్పు పట్టి లింకులు బిగుసుకుపోతాయి, ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ వినబడుతుంది.

ఫోనులో రికార్డు చేసి పంపమంటారా అని అడుగుతారు. పంపండి, ఎప్పుడు వస్తోందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. కానీ లోతైన చప్పుడు ఫోనులో పలచబడిపోతుంది. వాట్సాప్‌లో విని ఇంజిన్ విప్పమని నేను ఎవరికీ చెప్పను.

శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో ఇంట్లో కనుక్కోవచ్చా?

కొంతవరకు కనుక్కోవచ్చు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్ మీద ఆనించి, పిడికి చెవి ఆనించి వినండి. పైన హెడ్ కవర్ మీద, మధ్యలో బోరు (పిస్టన్ కదిలే సిలిండర్) మీద, కింద క్రాంక్ కేసు మీద, కుడివైపు క్లచ్ కవర్ మీద, ఎడమవైపు మాగ్నెట్ కవర్ మీద ఒక్కోచోట వింటే ఒకచోట శబ్దం చెవిలో పొడిచినట్టు వస్తుంది. చైన్‌కీ చక్రానికీ దూరంగా ఉండండి. మెడలో తువ్వాలు గానీ చున్నీ గానీ ఉంటే తీసి పక్కన పెట్టండి. సైలెన్సర్ బెండుకి (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌లోకి పోయే వంపు గొట్టానికి) చెయ్యి తగలనీయకండి.

ఇంకో కిటుకు ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, సైలెన్సర్‌లో ఒక దెబ్బ వస్తుంది. అందుకని స్లోలో (యాక్సిలరేటర్ తిప్పకుండా) పెట్టి సైలెన్సర్ దెబ్బ వింటూ లెక్కపెట్టండి. ఒక దెబ్బకి ఒక టిక్ వస్తే అది పైన క్యామ్, టాపెట్ల వైపుది. ఒక దెబ్బకి రెండేసి వస్తుంటే కింద క్రాంక్ వైపు అనుమానించాలి. స్ప్లెండర్‌లాంటి బండి స్లోలో నిమిషానికి 1,400 చుట్లు తిరిగిందనుకోండి, సెకనుకి దాదాపు 12 దెబ్బలు. చెవికి కొంచెం అలవాటు కావాలి. బుల్లెట్‌లో అయితే కొత్తవాళ్లకి కూడా తెలిసిపోతుంది.

పైనుంచి కుట్టుమిషన్‌లాగా టిక్‌టిక్ వస్తోంది. ఏమిటది?

ఎక్కువసార్లు టాపెట్లే. వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూగా సందు ఉండాలి. అది పెరిగితే టిక్‌మంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు, మాగ్నెట్ మీద టీ గుర్తు ఎదురుగా పెట్టుకుని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) సర్దాలి. అరగంట పని. వేడి ఇంజిన్ మీద చేత్తో ఊపి చూసి "సరిపోయింది" అంటే ఒప్పుకోకండి. ఫీలర్ గేజ్ పెట్టమని అడగండి, అడగడం మీ హక్కు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. టిక్ శబ్దం అసలే వినబడకూడదని టాపెట్లు బిగించేయమంటారు కొందరు. బండి నిశ్శబ్దంగా నడుస్తుంది, మీకు సంతోషంగా ఉంటుంది. కానీ వేడెక్కేసరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట పక్కనుంచి పోయి వాల్వు అంచు కాలిపోతుంది. కొన్నాళ్లకి పికప్ పడిపోయి, పొద్దున్నే స్టార్ట్ కావడం కష్టమవుతుంది. వినబడే టాపెట్ కంటే వినబడని టాపెటే ఇంజిన్‌కి ఎక్కువ చెరుపు చేస్తుంది.

టాపెట్లు రెండుసార్లు సర్దించాను. టిక్ పోలేదు.

అప్పుడు సైలెన్సర్ బెండు హెడ్‌కి కలిసే చోటు చూడండి. పోయినేడు కొత్తపట్నం దగ్గర్నుంచి రొయ్యల చెరువుల్లో పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. వేరేచోట టాపెట్లు రెండుసార్లు సర్దారట, పోకపోయేసరికి క్రాంక్ పోయిందని చెప్పారట. డబ్బు కోసం భార్య గాజులు కుదవ పెడదామా అని ఆలోచిస్తున్నానన్నాడు. నేను కింద కూర్చుని టార్చి వేసి చూస్తే బెండు అతుకు పక్కన హెడ్ రెక్కల మీద కాటుక పెట్టినట్టు నల్లటి మసి గీత ఉంది. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి ఆ అతుకు మీద సబ్బు నీళ్లు చిలకరిస్తే ఒక్కో దెబ్బకీ ఒక్కో బుడగ పేలింది. ఒక నట్టు వదులై, లోపలి గాస్కెట్ రింగు నలిగిపోయింది. కొత్త రింగు వేసి రెండు నట్లూ సమంగా బిగించాను. ఆ టిక్ మళ్లీ వినబడలేదు. ఆ కుర్రాడు బండి స్టార్ట్ చేసి ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, అలా నాలుగుసార్లు విన్నాడు.

ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, నంబర్ ప్లేటు, సైలెన్సర్ మీద రేకు, క్రాష్ గార్డు కూడా ఒక్కోసారి ఇంజిన్ శబ్దంలాగే మోసం చేస్తాయి. ఒక్కోదాన్నీ చేత్తో నొక్కిపెట్టి రేజ్ చేయించి చూడండి. సైలెన్సర్ రేకుని మాత్రం గుడ్డతో పట్టుకోండి.

సంచిలో చిల్లర కదిలినట్టు గరగరమంటోంది.

క్రాంక్ నుంచి క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైన్ అయివుండొచ్చు. చాలా 100 సీసీ బళ్లలో అది ఎడమవైపు ఉంటుంది. స్లోలో ఎక్కువ వినబడుతుంది, రేజ్ చేసి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు గర్రుమంటుంది. మొదట ఆ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ చూస్తారు, తర్వాత చైన్, గైడ్లు. దీన్ని నెలల తరబడి వదిలేయకూడదు. చైన్ బాగా సాగితే క్యామ్ పళ్ల మీద జారుతుంది, టైమింగ్ తప్పుతుంది, ఇంజిన్ దెబ్బతింటుంది.

క్లచ్ పట్టుకుంటే శబ్దం ఆగిపోతోంది. వదిలితే వస్తోంది.

క్లచ్ వైపే. క్లచ్ హౌసింగ్ స్ప్రింగులు వదులైతే స్లోలో అలా గలగలమంటుంది, కొంతవరకు నడుపుకోవచ్చు. దీనికి తిరగేసి, క్లచ్ పట్టినప్పుడే కీచుమంటే క్లచ్ బేరింగ్ చూడాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు వేసినప్పుడు మాత్రమే శబ్దం వస్తోంది. ఇంజిన్ పోయినట్టేనా?

ముందు ఆ శబ్దం ఎలాంటిదో విడదీయాలి. గోళీ సోడా సీసా ఊపితే గోళీ కిలకిలమంటుంది చూడండి, అలాంటి పలచటి చప్పుడైతే అది నాకింగ్. లోపల పెట్రోలు మంట సమయానికి ముందే, ఒక్కసారిగా పేలుతోందన్నమాట. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాట్‌లో ఇద్దరు ఎక్కి, నాలుగో గేరులోనే లాగితే మంచి బండి కూడా ఆ శబ్దం చేస్తుంది. గేరు తగ్గించండి, యాక్సిలరేటర్ కొంచెం వదలండి. ఆగిపోతే ఇంజిన్ విప్పే పని లేదు. గేరు తగ్గించినా వస్తుంటే ఇంజిన్ వేడి, హెడ్‌లో మసి, ప్లగ్గు, పెట్రోలు ఇవన్నీ చూడాలి. అలాగే నడుపుతూ పోతే పిస్టన్ పైభాగం దెబ్బతింటుంది.

పలచగా కాకుండా బరువుగా, దూరంగా ఎవరో రోకటితో దంచుతున్నట్టు ధబ్ ధబ్ అని వస్తే విషయం వేరు. కింది ప్రశ్న చదవండి.

రోకటి పోటులాంటి శబ్దం వస్తోంది. ఇంటిదాకా నడుపుకుని రావచ్చా?

వద్దు. అది పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ కింది కొనలోని బేరింగ్ (బిగ్ ఎండ్ బేరింగ్) కావొచ్చు. వేడెక్కేకొద్దీ పెరుగుతుంది, లాగినప్పుడు పెరుగుతుంది, యాక్సిలరేటర్ కొంచెం తిప్పి వదిలినప్పుడు బాగా తెలుస్తుంది. ఫుట్ రెస్టులో కాలికి కూడా అదురు తగులుతుంది. ఈ దశలో ఆపేస్తే క్రాంక్‌ని ప్రెస్‌లో విప్పి కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్ ఎక్కించి, డయల్ గేజ్ మీద సెంటర్ చూసి మళ్లీ వాడొచ్చు. లేత్ షాపుల్లో చేస్తారు. ఆపకుండా నడిపితే రాడ్ విరిగి క్రాంక్ కేసుని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. హైవే మీద వేగంలో ఉన్నప్పుడు అలా జరిగితే చక్రం పట్టేస్తుంది. నాకు భయం అదే, డబ్బు సంగతి తర్వాత.

ట్రాలీ ఆటోలో వేసుకుని రండి. ఇంకో బండి మీదున్నవాళ్లు కాలితో తోస్తూ తీసుకురావడం మన దగ్గర మామూలే. 16వ నంబరు జాతీయ రహదారి మీద, లారీల మధ్య మాత్రం ఆ పని చేయకండి.

ఇంజిన్ విప్పాక మీరే చూడొచ్చు. రాడ్‌ని పక్కకి కదిపితే కొంచెం కదలడం సహజం. పైకీ కిందికీ లాగినప్పుడు కదలకూడదు. ఆ కదలిక చేతికి తెలిస్తే బేరింగ్ పోయినట్టే.

పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో కొట్టుకుంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. పొగ కూడా ఉంది.

అది పిస్టన్ బోరులో వదులై ఇటూ అటూ తగలడం. వేడికి పిస్టన్ ఉబ్బి సందు తగ్గుతుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. పొగ లేకుండా, ఆయిల్ తగ్గకుండా ఉంటే కొన్నాళ్లు గమనిస్తూ నడుపుకోవచ్చు. నీలం పొగ వస్తూ ఆయిల్ తగ్గుతుంటే బోరు పని దగ్గర పడింది.

మా వైపు బోర్లు తొందరగా అరగడానికి దుమ్ము పెద్ద కారణం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి వచ్చే బళ్ల ఎయిర్ ఫిల్టర్ తీసి పేపరు మీద కొడితే బూడిదరంగు పొడి కుప్ప పడుతుంది. రాతి పొడి అది. ఫిల్టర్ దాటి లోపలికి పోతే ఉప్పుకాగితంతో రుద్దినట్టు బోరుని తినేస్తుంది. పికప్ పెరుగుతుందని ఫిల్టర్ తీసేసి నడిపే కుర్రాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఇంకో మాట, ఆయిల్ పూసిన కాగితం ఫిల్టర్లు గాలి కొట్టి మళ్లీ వాడేవి కావు, మార్చేయాల్సినవి. క్వారీ దారిలో రోజూ తిరిగేవాళ్లు పుస్తకంలో చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మార్చుకోండి.

బండి వరద నీళ్లలో మునిగింది. స్టార్ట్ చేసి శబ్దం వినొచ్చా?

కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. బోరులో నీళ్లుండగా పిస్టన్ పైకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపున్న మా బంధువుల బండి రెండు రోజులు నీళ్లలో ఉంది. ముట్టుకోవద్దని ఫోనులో చెప్పాను, విన్నారు. ప్లగ్గు విప్పి, తాళం తీసేసి, నెమ్మదిగా కిక్ తిప్పితే ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాయి. డ్రెయిన్ నట్టు విప్పితే ముందు నీళ్లు, తర్వాత పాల టీ లాంటి ఆయిల్ పడింది. చవకరకం ఆయిల్ పోసి కాసేపు నడిపి తీసేయడం, మళ్లీ పోసి తీసేయడం, అలా మూడుసార్లు చేశాక ఆయిల్ రంగు శుభ్రంగా వచ్చింది. ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది. అదే వీధిలో నీళ్లు తీయగానే కిక్ కొట్టిన బండికి రాడ్ మార్చాల్సి వచ్చింది.

నడుస్తుండగా కీచుమని శబ్దం వచ్చి ఇంజిన్ పట్టేస్తున్నట్టు అనిపిస్తే?

వెంటనే క్లచ్ పట్టుకోండి. వెనక చక్రం విడిపోతుంది, బండి మీ చేతిలో ఉంటుంది. పక్కకి తీసి ఆపండి. మే నెల ఎండలో ఆయిల్ తక్కువున్న బండి ఆపకుండా లాగితే ఇలా జరుగుతుంది. వేడి ఇంజిన్ మీద నీళ్లు పోయకండి, హెడ్ వంకర పోవచ్చు. నీడలో గంటసేపు వదిలేయండి. చల్లారాక కిక్ కదిలినా సరే, అలాగే ఇంటికి నడపకుండా షెడ్డుకి చేర్చండి.

చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం పోతుందట కదా?

కొంత తగ్గుతుంది, అరుగుదల మాత్రం ఆగదు. పైగా పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే పోయండి. కారు ఆయిల్ అసలు వద్దు. బళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కారు ఆయిల్‌లోని జారుడు మందులకి క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూడండి.

ఇంజిన్ విప్పాలంటున్నారు. ఒప్పుకోవాలా?

అంతకుముందు ఆయిల్, టాపెట్లు, సైలెన్సర్ అతుకు, చైన్, మౌంటింగ్ బోల్టులు చూశారా అని అడగండి. ఇవి చూడకుండా విప్పుదామంటే ఇంకో మెకానిక్‌కి చూపించండి. విప్పక తప్పకపోతే దగ్గరుండండి, ఏ భాగం అరిగిందో చేతిలో పెట్టి చూపించమనండి. హాఫ్ ఇంజిన్ పనా, ఫుల్ ఇంజిన్ పనా ముందే మాట్లాడుకోండి. హాఫ్ అంటే పైభాగం, ఫుల్ అంటే క్రాంక్ కూడా. మార్చిన పాత సామాన్లన్నీ సంచిలో వేసి ఇవ్వమనండి. కొత్త బోరు, పిస్టన్ వేశాక మొదటి 500 కిలోమీటర్లు బాగా లాగకుండా, ఒకే వేగంలో కాకుండా నడిపి, ఆయిల్ మార్చడానికి మళ్లీ రండి. ఆ తీసిన ఆయిల్‌ని తెల్లటి పళ్లెంలో పోయించి చూడండి. కొంచెం సన్నటి పొడి ఉంటే కొత్త రింగులు కుదురుకుంటున్నాయని, రేకు ముక్కలు ఉంటే అక్కడే ఆపి మళ్లీ చూడాలని.